జ్వరం అనగానే మలేరియా మందు: ఈ అలవాటు నేర్పింది ఎవరు?

బెజవాడలో నాలుగు వానలు పడి జ్వరాలు మొదలైతే చాలు, టెస్ట్ చెయ్యకుండానే మలేరియా మందులు రాసేస్తున్నారని మళ్లీ గొడవ. 2024 సెప్టెంబర్లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచాక జనానికి జ్వరం అంటే భయం ఇంకా పెరిగింది. తిట్లన్నీ తినేది మాత్రం ఆర్ఎంపీలు, ఏఎన్ఎంలు, ఆశాలే.

అసలు సంగతి ఏంటంటే ఈ అలవాటు నేర్పింది గవర్నమెంటే. ఏళ్ల తరబడి రూల్ ఏంటి? ఏ జ్వరమైనా మలేరియా కావచ్చు, రక్తపు స్లైడు తీసుకో, రిజల్ట్ కోసం ఆగకుండా పెద్దవాళ్లకి క్లోరోక్విన్ 4 బిళ్లలు మింగించెయ్. స్లైడు పీహెచ్‌సీకి వెళ్లి రిపోర్ట్ తిరిగొచ్చేసరికి జ్వరం ఎటూ తగ్గిపోయేది, రిపోర్ట్ ఎవరికి కావాలి చెప్పండి.

ఈలోగా ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకం క్లోరోక్విన్‌కి లొంగడం మానేసింది, మన దేశంలో మొదట బయటపడింది 1973లో అస్సాంలో. 2010 పాలసీతో మొత్తం తిరగబడింది: టెస్ట్ చేశాకే మందు, ఫాల్సిపారం అయితే దేశమంతా ఆర్టిమిసినిన్ రకం మందుకి ఇంకోటి కలిపిచ్చే కాంబినేషనే. నా లెక్కలో మలుపు ఇదే. రూల్ రాత్రికి రాత్రి మారిపోయింది, పాతికేళ్ల చేతి అలవాటు అలా మారుతుందా? ఇప్పుడు టెస్ట్ చెయ్యలేదని నిలదీసేది కూడా ఒకప్పుడు చెయ్యకుండా ఇమ్మన్న డిపార్ట్‌మెంటే.

ఫీల్డ్‌లో తిరిగేవాళ్లు అడిగేది ఒకటే, టెస్ట్ కిట్లు అయిపోయినప్పుడు ఎదురుగా 103 జ్వరంతో ఉన్న పిల్లాడికి ఏమివ్వాలి, రేపు రమ్మంటే వాళ్లమ్మ నేరుగా ఇంజెక్షన్ వేసేవాడి దగ్గరికి వెళ్తుంది కదా అని. వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియాకి ప్రైమాక్విన్ బిళ్లలు 14 రోజులు వాడాలి, మూడో రోజుకే జ్వరం పోతుంది, నాలుగో రోజు నుంచి బిళ్లలు అటక మీదే. లివర్‌లో దాక్కున్న మలేరియా క్రిమి కొన్నాళ్లకి మళ్లీ లేస్తే పేషెంట్ అనేది మందు పనిచెయ్యలేదని, మాట పడేది రాసినవాళ్లు. పైగా ప్రైమాక్విన్ గర్భిణికి ఇవ్వకూడదు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి, ఆ టెస్ట్ ప్రతి పీహెచ్‌సీలో ఎక్కడుంది?

ఆఫీసర్ల వాదన కూడా ఉందిలెండి, ట్రైనింగ్ ఇచ్చాం, గైడ్‌లైన్స్ పంపాం, పాటించట్లేదు అని.

ఇక ప్రైవేట్ సంగతి. ఆర్టిమిసినిన్ బిళ్లలు ఒక్కటే విడిగా అమ్మకూడదని 2009లో ఆపారు, కానీ ఆ నిషేధం నోటి మాత్రలకే, ఇంజెక్షన్లకి కాదు. అందుకే రోజుకొకటి చొప్పున మూడు రోజులు ఆర్టీథర్ అనే ఆ రకం ఇంజెక్షన్ పొడిచేసి కోర్సు అయిపోయిందనే పద్ధతి పోలేదు. టైఫాయిడ్‌కి చేసే వైడాల్ టెస్ట్ కూడా పాజిటివ్ వచ్చిందంటే టైఫాయిడ్, మలేరియా రెండూ ఉన్నాయని చీటీ, అది మన గుంటూరు, కృష్ణా ఊళ్లలో జ్వరం వచ్చిన ఎవర్ని అడిగినా చెప్తారు. దానిమీద నోటీసు అందుకున్న క్లినిక్ పేరు ఎవరన్నా విన్నారా, నేనైతే వినలేదు, మెమోలు మాత్రం ఏఎన్ఎంలకే వెళ్తున్నాయి.