సొంత లినక్స్ పంచుతున్నారా? అపోహలు - వాస్తవాలు

డెబియన్ (ఉచితంగా దొరికే ఒక లినక్స్) తీసుకుని, తెలుగు కీబోర్డు, ఫాంట్లు, నాలుగు చదువుల ప్యాకేజీలు చేర్చి, వాల్‌పేపర్ మార్చి ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఒకే ఫైలు) కట్టడం ఇప్పుడు ఒక పూట పని. పంచేముందు వచ్చే ప్రశ్నలు ఏళ్లుగా అవే. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే జవాబులూ అవే, చాలావరకు తప్పులే.

అపోహ: "నేను కోడ్‌లో ఒక్క లైనూ ముట్టుకోలేదు. సోర్స్ డెబియన్ సర్వర్‌లో ఉంది, లింక్ ఇస్తే చాలు."

వాస్తవం: చాలదు. అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది ఇదే. బైనరీ (నడిచే రూపంలోని ప్రోగ్రామ్) మీ చేతి మీదుగా వెళ్లిందంటే, మార్చినా మార్చకపోయినా జీపీఎల్ (లినక్స్‌లో చాలా ప్రోగ్రాముల లైసెన్స్) వెర్షన్ 2 ప్రకారం దాని సోర్స్, అంటే మూల కోడ్, అందించే బాధ్యత మీదే. 2006లో మెపిస్ అనే డిస్ట్రోకు (లినక్స్ కూర్పుకు) జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెప్పిందీ ఇదే: ఉబుంటు (మరో డిస్ట్రో) ప్యాకేజీలు ఉన్నవి ఉన్నట్టే వాడినా వాటి సోర్స్ మీరే ఇవ్వాలని.

"లాభాపేక్ష లేదు కదా, సెక్షన్ 3(సి) వర్తిస్తుంది" అంటారు కొందరు. తమకు వచ్చిన సోర్స్ హామీనే ముందుకు అందించే ఆ వెసులుబాటు దొరకాలంటే, 'అడిగితే సోర్స్ ఇస్తాం' అనే రాతపూర్వక హామీతో ఆ బైనరీ మీకు వచ్చి ఉండాలి. డెబియన్ సైటు నుంచి దించుకున్న ఐఎస్‌ఓతో అలాంటి హామీ రాదు. వాళ్లు సోర్స్‌ను పక్కనే పెట్టి బాధ్యత తీర్చుకుంటారు. లేని హామీని మీరెలా అందిస్తారు? వెర్షన్ 3 అయితే సోర్స్ వేరేవాళ్ల సర్వర్‌లో ఉన్నా ఒప్పుకుంటుంది, అది అక్కడ ఉండేలా చూసే పూచీ మీదేనన్న షరతుతో. కానీ కెర్నల్ (లినక్స్ గుండెకాయ), బిజీబాక్స్ (చిన్న కమాండ్ల మూట) వెర్షన్ 2 కిందే ఉన్నాయి. కాబట్టి మొత్తం ఐఎస్‌ఓకు కఠినమైన లెక్కే పాటించండి.

ఐఎస్‌ఓ కట్టిన రోజే సోర్స్ దించండి. ఆర్నెల్లు ఆగితే పాయింట్ రిలీజులు (చిన్న సవరణ విడుదలలు) వచ్చి రిపాజిటరీలో (ప్యాకేజీల సర్వర్‌లో) వెర్షన్లు మారిపోతాయి, మీ బైనరీకి సరిపోయే సోర్స్ అక్కడ ఉండదు. లైవ్-బిల్డ్ (ఐఎస్‌ఓ కట్టే డెబియన్ టూల్) వాడేవాళ్లు కాన్ఫిగ్‌లో సోర్స్ ఆప్షన్‌ను ట్రూ చేస్తే సోర్స్ ఇమేజ్ కూడా తయారవుతుంది. చేత్తో చేసేవాళ్లు ముందు ఆప్ట్ (ప్యాకేజీలు దించే టూల్) జాబితాలో సోర్స్ కోసం ఉండే డెబ్-ఎస్ఆర్‌సీ లైన్లు తెరవాలి. డీపీకేజీ-క్వెరీ కమాండుతో ప్రతి ప్యాకేజీ సోర్స్ పేరూ సోర్స్ వెర్షనూ తీసి, ఆ జాబితా ప్రకారం ఆప్ట్‌తో దించాలి. బైనరీ పేరుతో వెతికితే తప్పుతారు, రెండూ చాలాసార్లు వేరు. ప్యాకేజీ వివరాల్లో 'బిల్ట్-యూజింగ్' ఫీల్డ్ కూడా చూడండి. వేరే ప్యాకేజీల కోడ్ లోపల కలిసిపోయినవి అక్కడ కనిపిస్తాయి. ఇప్పటికే ఆలస్యమైతే డెబియన్ స్నాప్‌షాట్ సైటులో పాత వెర్షన్లు దొరుకుతాయి. కెర్నల్ మీరే కంపైల్ చేసి ఉంటే కాన్ఫిగ్ ఫైలు, ప్యాచ్‌లు, బిల్డ్ స్క్రిప్టులు కూడా సోర్స్ కిందికే వస్తాయి.

డౌన్‌లోడ్‌గా ఇస్తే ఐఎస్‌ఓ పక్కనే సోర్స్ పెట్టండి. పెన్‌డ్రైవ్‌గా ఇస్తే అందులోనే వేయండి. సోర్స్ తరచూ ఐఎస్‌ఓ కంటే పెద్దది కాబట్టి 8 జీబీ బదులు 32 జీబీవి కొనండి. మరో దారి రాతపూర్వక హామీ. అది కనీసం 3 ఏళ్లు చెల్లాలి, మీ దగ్గర తీసుకున్నవాళ్లకే కాక అడిగిన ఎవరికైనా ఇవ్వాలి, కాపీ చేసి పంపే ఖర్చుకు మించి తీసుకోకూడదు. విద్యార్థి క్లబ్బులకు ఇది వద్దనే చెప్తాను: మూడేళ్లకు సంతకం పెట్టినవాళ్లు ఒక్కరూ క్యాంపస్‌లో ఉండరు.

ఇప్పటికే తప్పు జరిగిపోయిందని నిద్ర పాడుచేసుకోకండి. వెర్షన్ 2లో ఉల్లంఘనతో హక్కు దానంతటదే రద్దవుతుంది, నిజమే. కానీ మొదటి నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు తిరిగి వస్తుందన్న వెర్షన్ 3 పద్ధతినే పాటిస్తామని 2017లో చాలామంది కెర్నల్ డెవలపర్లు ప్రకటించారు.

అపోహ: "సైజు తగ్గించడానికి యూఎస్ఆర్-షేర్-డాక్ ఫోల్డర్ మొత్తం లేపేయొచ్చు."

వాస్తవం: ప్రతి ప్యాకేజీ కాపీరైట్ ఫైలు ఉండేది అందులోనే. మిగతావి తీసేయండి, 'కాపీరైట్' అన్న ఫైళ్లనూ, పక్కనున్న కామన్-లైసెన్సెస్ ఫోల్డర్‌నూ ఉంచండి. నెట్‌లో దొరికే 'స్లిమ్' స్క్రిప్టులు చాలా వరకు ఈ తేడా చూడవు.

అపోహ: "ఓపెన్‌సోర్స్ కాబట్టి పేరూ లోగో కూడా మనవే."

వాస్తవం: జీపీఎల్ ట్రేడ్‌మార్క్ ఇవ్వదు. జనం సరిగ్గా తలకిందులుగా చేస్తారు: ఉబుంటు లోగో ఉంచి, రాసినవాళ్ల పేర్లు చెరిపేస్తారు. లోగో తీయాలి, పేర్లు ఉంచాలి. మార్చిన ఉబుంటును వాళ్ల ఆమోదం లేకుండా పంచాలంటే మార్కులు తీసేసి, బైనరీలు మళ్లీ కంపైల్ చేయాలని ఉబుంటు సంస్థ కానానికల్ విధానం. జీపీఎల్ లాంటి లైసెన్సులిచ్చే హక్కులను ఇది తగ్గించదని 2015లో ఒక వాక్యం చేర్చారు. ఈ తలనొప్పి వద్దనుకుంటే డెబియన్‌తో మొదలుపెట్టండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే, పేరు మాత్రం సొంతం. ఫెడోరా (ఇంకో డిస్ట్రో) అయితే జెనెరిక్-లోగోస్, జెనెరిక్-రిలీజ్ ప్యాకేజీలు ఇందుకే ఉన్నాయి. ఓఎస్-రిలీజ్ ఫైలు, గ్రబ్ (బూట్ మెనూ) థీమ్, ప్లిమత్ (బూట్ అయ్యేటప్పటి తెర), ఇన్‌స్టాలర్ స్లైడ్లు: పాత పేరు ఎక్కువగా మిగిలిపోయేది ఈ నాలుగు చోట్ల.

అపోహ: "ఫ్రీగా దొరికేది ఏదైనా చేర్చొచ్చు."

వాస్తవం: గూగుల్ సొంత లైసెన్సున్న క్రోమ్ బ్రౌజర్ వద్దు, దాని ఓపెన్‌సోర్స్ రూపం క్రోమియం పెట్టండి. మైక్రోసాఫ్ట్ కోర్ ఫాంట్లు మూల ఈఎక్స్‌ఈ రూపంలోనే పంచాలి, విప్పి ఐఎస్‌ఓలో పెట్టకూడదు. డీటీపీ సెంటర్ నుంచి తెచ్చిన తెలుగు ఫాంట్లు అసలే వద్దు. ఓఎఫ్ఎల్ (ఫాంట్ల ఓపెన్ లైసెన్స్) కింద ఉన్న మండలి, ఎన్‌టీఆర్ లాంటివి లైసెన్స్ ఫైలుతో సహా నిక్షేపంగా పెట్టుకోండి. ఓఎఫ్ఎల్ ఫాంట్‌ను మార్చితే, రిజర్వ్ చేసిన పేరుంటే ఆ పేరు వాడకండి.

డబ్బు తీసుకోవచ్చా? తీసుకోండి, ధర మీ ఇష్టం. మీరు విడిగా రాసిన స్క్రిప్టులకు లైసెన్స్ కూడా మీ ఇష్టమే. కాలేజీ సొంత ల్యాబులో సిస్టమ్స్‌కు వేసుకుంటే సోర్స్ ప్రచురించాల్సిన పని లేదు. అదే ఇమేజ్ వేసిన ల్యాప్‌టాప్‌లు విద్యార్థులకు సొంతంగా ఇచ్చేస్తే మాత్రం అది పంపిణీయే, పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి.