దాచుకోవడానికి చాటు లేని బీరు

బీరు తయారుచేసే బ్రూవరీలో, ట్యాంకు నుంచి అప్పుడే పట్టిన లాగర్ రకం బీరును రెండు గ్లాసుల్లో పోసి మూతలు పెడతారు. ఒక గ్లాసును 60 డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచి, తిరిగి చల్లారుస్తారు. రెండోదాన్ని అసలు వేడి తగలనివ్వరు. ఆ తరువాత రెండు మూతలూ తీసి వాసన చూస్తారు. చల్లగా ఉంచిన గ్లాసులో తేలికపాటి ధాన్యం వాసన తప్ప ఇంకేమీ ఉండదు. వేడి తగిలిన గ్లాసు నుంచి ఒక్కోసారి పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన గుప్పుమంటుంది. అలా వచ్చిందంటే ఆ ట్యాంకు ఇంకొన్ని రోజులు ఆగాల్సిందే.

ఆ వెన్న వాసన డయాసిటైల్ అనే పదార్థానిది. బీరును పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్టు. అది తనకు కావలసిన వాలీన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకునే క్రమంలో, మధ్యలో పుట్టిన ఒక పదార్థం కొంత కణం నుంచి బయటికి కారిపోతుంది. దానికి వాసన లేదు. బీరులో నిదానంగా అదే డయాసిటైల్‌గా మారుతుంది. ఈస్టుకు వ్యవధి ఇస్తే ఆ డయాసిటైల్‌ను తానే లోపలికి తీసుకుని, దాదాపు వాసన లేని మరో పదార్థంగా మార్చేస్తుంది. అందుకే పులియడం ముగిసే దశలో బ్రూవర్లు ట్యాంకును కొద్దిగా వెచ్చబరిచి కొన్ని రోజులు కదపకుండా వదిలేస్తారు. ఆ ఓపిక లేక ముందే చల్లార్చి ఈస్టును వడకట్టేస్తే, సీసాలో మిగిలిన ముడిపదార్థం కొన్ని వారాలకు వెన్న వాసనగా బయటపడుతుంది. వేడినీళ్ల పరీక్ష ఆ వారాలను అరగంటలోకి తెస్తుంది. లీటరులో 0.1 మిల్లీగ్రాము డయాసిటైల్ ఉన్నా అలవాటైన ముక్కు పట్టేస్తుంది.

లాగర్ మీద నాకు ఇంత గౌరవం కలగడానికి కారణం ఇదే. ఎక్కడ తొందరపడ్డారో అది చెప్పేస్తుంది. మాడేదాకా వేయించిన ధాన్యంతో చేసే నల్లటి స్టౌట్ బీరులో కాఫీ, చాక్లెట్ వాసనలు చిన్నచిన్న లోపాలను కప్పేస్తాయి. బీరుకు చేదునూ పరిమళాన్నీ ఇచ్చే హాప్స్ పూలు దండిగా వేసిన ఐపీఏ రకం బీరులో నారింజ, మామిడి వాసనలు ఆ పని చేస్తాయి. లేత బంగారు రంగు లాగర్‌కు అటువంటి చాటు లేదు. మసాలా కూరలో దాగిపోయే తప్పు పెసరకట్టులో దాగదు కదా!

ఈ రంగు లాగర్ పుట్టింది చెక్ దేశంలోని పిల్సెన్ నగరంలో. 1838లో అక్కడి జనం పాడైపోయిన బీరును 36 పీపాలు నగర సభా భవనం ముందు పారబోశారు. ఆ తరువాత కొత్త బ్రూవరీ కట్టి, జర్మన్ ప్రాంతమైన బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్‌ను పిలిపించారు. 1842లో ఆయన కాచిన మొదటి బీరులో లేత రంగు మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం), జాటెక్ ప్రాంతపు హాప్స్, ఖనిజాలు చాలా తక్కువగా ఉండే స్థానిక నీరు కలిశాయి. ఆ మెత్తని నీటి వల్లనే అంత హాప్స్ వేసినా చేదు గరుకుగా తగలదు.

జర్మన్‌లో ‘లాగర్న్’ అంటే నిల్వ ఉంచడం. ఏల్ రకం బీర్లు 20 డిగ్రీల దగ్గర కొద్ది రోజుల్లో పులుస్తాయి. లాగర్ 10 డిగ్రీల చుట్టూ మెల్లగా పులిసి, ఆపైన సున్నాకు దగ్గరి చలిలో వారాల తరబడి నిలవుంటుంది. ఆ చలిలో పనిచేసే ఈస్టు ఒక సంకరం. దాని తల్లిదండ్రుల్లో ఒకటి రొట్టెలకు, ఏల్ బీరుకు వాడే ఈస్టుకు చెందిన జాతి. రెండోది ఏమిటో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2011లో దక్షిణ అమెరికాలోని పాటగోనియా అడవుల్లో, బీచ్ (beech) అనే జాతి చెట్ల మీద పెరిగే కాయల్లాంటి ఉబ్బుల్లో ఆ అడవి ఈస్టు దొరికినట్లు శాస్త్రవేత్తలు ప్రకటించారు. చిన్న బ్రూవరీకి ఉన్నవే నాలుగైదు ట్యాంకులు. వాటిలో ఒకదాన్ని వారాలపాటు లాగర్‌కు అప్పగించడమంటే, ఆ కాలంలో అమ్ముకోగలిగిన మరో రెండు ట్యాంకుల బీరును వదులుకోవడమే. ఇలా చిన్న బ్రూవరీలు కాచే క్రాఫ్ట్ లాగర్ ధరలో నీళ్లు, ధాన్యంతో పాటు ఈ నిరీక్షణ కూడా ఉంది.

రుచి చూసేటప్పుడు గ్లాసుకు సబ్బు, జిడ్డు అంటి ఉండకూడదు. ఉంటే నురుగు నిలవదు. గ్లాసును ఫ్రీజర్‌లో పెట్టడం కూడా మంచిది కాదు. మరీ చల్లని బీరు నుంచి వాసనలు పైకి లేవవు. పోసిన వెంటనే వాసన చూడాలి, గంధకపు వాసనల వంటివి త్వరగా ఎగిరిపోతాయి. ఆ తరువాత చిన్న గుక్క తీసుకుని, మింగి, నోరు మూసి ముక్కుతో గాలి వదలాలి. అసలు పని అక్కడే జరుగుతుంది. మనం రుచి అనుకునేదానిలో చాలా భాగం గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. జలుబు చేసినప్పుడు ఇంగువ పోపు తెలియకుండా పోయేది అందుకే. చేదు ఎంతసేపు నిలిచింది, శుభ్రంగా తెగిందా, నాలుక మీద జీరలా మిగిలిందా అన్నది మింగాకే తెలుస్తుంది.

ఉడికించిన మొక్కజొన్న కంకి వాసన వస్తే అది డైమిథైల్ సల్ఫైడ్. లేత మాల్టులోని ఒక పదార్థం వేడికి విడిపోయి ఇలా మారుతుంది. బాగా మరిగిస్తే ఆవిరితో పాటు పోతుంది, మరుగు చాలకపోతే మిగులుతుంది. పచ్చి ఆపిల్ వాసన పులియడం పూర్తికాలేదని, తడిసిన అట్టపెట్టె వాసన ఆక్సిజన్ తగిలి పాతబడిందని చెబుతాయి.

ఎండ చేసే హాని మాత్రం ఎవరైనా ఇంట్లోనే చూడవచ్చు. ఒకే సీసాలోని బీరును రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాన్ని చీకటి అల్మరాలో, మరొకదాన్ని ఎండ పడే కిటికీ మీద పావుగంట ఉంచండి. వెలుతురుకు హాప్స్ చేదు పదార్థం విరిగి, గంధకంతో కలిసి ఘాటైన దుర్వాసనగా మారుతుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పసిగడుతుంది. గోధుమరంగు సీసాలు ఆ వెలుతురును చాలావరకు అడ్డుకుంటాయి. ఆకుపచ్చ సీసాలకు, తెల్లటి సీసాలకు ఆ శక్తి బాగా తక్కువ.

అయితే ఏ వాసననూ ఎల్లవేళలా తప్పని కొట్టేయలేం. చెక్ లాగర్లలో డయాసిటైల్ లేశమాత్రంగా ఉండటం సంప్రదాయమే. పిల్సెన్ తరహాలో జర్మన్లు కాచే పిల్స్‌లో అంతే మోతాదు లోపం కిందికి వస్తుంది. ముందు ఆ బీరు ఏ ఊరి తీరులో తయారైందో తెలుసుకున్నాకే తీర్పు చెప్పడం న్యాయమని నా నమ్మకం.

మన ముక్కును మనం నమ్మవచ్చా? బ్రూవరీల్లో దానికి త్రికోణ పరీక్ష పెడతారు. మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒకే బీరు, మూడోదానిలో వేరొకటి. వేరుగా ఉన్నదేదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి నిజమవుతుంది కాబట్టి, ఒక్కసారి సరిగ్గా చెబితే లెక్కకు రాదు. పలుమార్లు, పలువురితో చేయిస్తారు. రంగు చూసి మనసు ముందే ఒక నిర్ణయానికి రాకుండా నల్ల గ్లాసులు కూడా వాడతారు.

ఇంట్లో అయితే గ్లాసు అడుగున ఆఖరి రెండు గుక్కలు వదిలేసి, చలి తగ్గేదాకా ఆగండి. నురుగు గ్లాసు గోడల మీద వలయాలుగా ఆరిపోయి ఉంటుంది. గ్యాసు చాలావరకు పోయి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాగిన వెన్నా, మొక్కజొన్నా ఉంటే ఇప్పుడు తేలుతాయి. బాగా కాచిన లాగర్ అయితే, అప్పుడే కాల్చిన రొట్టె వాసన, పచ్చగడ్డిని తలపించే హాప్స్ పరిమళం ఆ అడుగు గుక్కలోనే అన్నిటికంటే స్పష్టంగా తెలుస్తాయి.