సమైపాత బండ: కొండ అంచున ఇంకాల విడిది

బొలీవియాలో ఆండీస్ పర్వతాలు తూర్పు మైదానాల వైపు దిగిపోయే చోట, దాదాపు 1,950 మీటర్ల ఎత్తున, సుమారు 220 మీటర్ల పొడవూ 60 మీటర్ల వెడల్పూ ఉన్న ఎర్రని ఇసుకరాతి బండ ఒకటుంది. దాని వీపు మీద పిల్లిజాతి మృగాల రూపాలు, వాలు వెంట పక్కపక్కనే సాగే రెండు పొడవాటి కాలువలు, శిఖరాన వలయాకారంగా తొలిచిన గూళ్లు కనిపిస్తాయి. స్పెయిన్ వారు దీన్ని 'ఎల్ ఫుయెర్తే', అంటే కోట, అన్నారు. ఆ పేరు వల్ల అసలు విషయం మరుగున పడిందని నా నమ్మకం.

ఈ బండను చెక్కడం మొదలుపెట్టింది ఆండీస్ ప్రాంతాన్ని ఏలిన ఇంకా సామ్రాజ్యం వారు, అంటే ఇంకాలు, కారు. క్రీ.శ. 300 ప్రాంతంలోనే మోహోకోయా సంస్కృతి జనం ఇక్కడ నివసిస్తూ, పూజలు చేస్తూ, రాతిని మలిచారు. తరువాత వచ్చిన ఇంకాలు ఆ పవిత్రస్థలాన్ని చెరిపివేయకుండా, దాని పాదం దగ్గర విశాలమైన మైదానాన్ని చదును చేసి, ఒక పక్కన సుమారు 68 మీటర్ల పొడవున్న 'కల్యాంకా' అనే సభాశాలను నిలబెట్టారు. ఇలాంటి శాలల్లో ఇంకాల అధికారులు జనాన్ని పిలిచి మొక్కజొన్న కల్లు 'చిచా' పోసి, వస్త్రాలు పంచేవారు. విందు పెట్టడం వారి దృష్టిలో పాలనలో భాగమే. తిన్నవారు శ్రమతో బదులు తీర్చాలి.

తూర్పు మైదానాల జనంతో ఇంకాలకు నిజమైన అవసరమే ఉంది. 3,400 మీటర్ల ఎత్తున ఉన్న వారి రాజధాని కుస్కోలో, నమలడానికీ పూజలకూ వాడే కోకా మొక్క పెరగదు. దాని ఆకు తూర్పు వాలుల్లోని వెచ్చని లోయల నుంచి రావాలి. రంగురంగుల పక్షి ఈకలూ అడవుల నుంచే రావాలి. ఆ తేమ నేలలో ఈకలూ ఆకులూ విల్లులూ కుళ్లిపోతాయి కనుక, ఈ రాకపోకలను తవ్వకందారులు ఎక్కువగా గోడల పునాదుల నుంచీ కుండపెంకుల నుంచీ ఊహించుకోవలసి వస్తుంది.

17వ శతాబ్దంలో ఆల్కాయా అనే మతాచార్యుడు రాసిన కథనంలో, ఇంకాల రాజబంధువు గువాకానే మైదానాల నాయకుడైన గ్రిగోటాను కానుకలతో తనవైపు తిప్పుకున్నాడని ఉంది. దానిలో ప్రతి మాటా నమ్మనక్కరలేదు గాని, ఆ సభాశాల వైశాల్యం చూస్తే కానుకల మాట నమ్మాలనిపిస్తుంది. అయితే ఆ పొత్తు అందరినీ కలుపుకోలేదు: 1520ల్లో చాకో ప్రాంతం నుంచి చిరిగ్వానో తెగవారు దండెత్తి వచ్చారు; గువాకానే వారి చేతిలోనే చనిపోయాడని ఆల్కాయా రాశాడు. 1545లో పొటోసి వెండి గనులు మొదలయ్యాక స్పెయిన్ వారు మైదానాల నుంచి ఆండీస్ ఎత్తులకు వెళ్లే దారిలో ఇక్కడే మజిలీ ఏర్పరచుకుని, పాత కట్టడాల శిథిలాల మీదనే నడుమ ముంగిలి ఉన్న తమ ఇంటిని కట్టుకున్నారు.