ప్రాడర్-విల్లీ సిండ్రోమ్: బరువు ముందు, ఆకలి తరువాత

పుట్టిన కొత్తలో పాలు పీల్చుకునే శక్తి కూడా లేక ముక్కులో వేసిన గొట్టం ద్వారా ఆహారం తీసుకున్న బిడ్డ, ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి ఎంత తిన్నా చాలనిపించని స్థితికి చేరుకోవడం ప్రాడర్-విల్లీ సిండ్రోమ్‌లోని విచిత్రం. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో పనిచేసిన ప్రాడర్, లాభార్ట్, విల్లీ అనే ముగ్గురు వైద్యులు 1956లో దీనిని వర్ణించారు. లోపం 15వ క్రోమోజోమ్‌లో ఉంటుంది. ఈ క్రోమోజోమ్ ప్రతులు (కాపీలు) తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు వస్తాయి. అందులోని ఒక భాగంలో కొన్ని జన్యువులు తండ్రి నుంచి వచ్చిన ప్రతిలో మాత్రమే పనిచేస్తాయి. తల్లి ప్రతిలో అవి ఉన్నా మౌనంగానే ఉంటాయి. తండ్రి ప్రతిలో ఆ ముక్క తెగిపోయినా, రెండు ప్రతులూ తల్లి నుంచే వచ్చినా పనిచేసే ఆ జన్యువులు బిడ్డకు మిగలవు. చాలావరకు ఇది యాదృచ్ఛికంగా జరిగేదే కనుక, ‘ఎవరి వైపు నుంచి వచ్చింది’ అని ఇంట్లో మొదలయ్యే విచారణకు అర్థం లేదు.

దెబ్బతినేది ప్రధానంగా మెదడులోని హైపోథలామస్. కడుపు నిండిందన్న కబురు అందుకుని ఇక చాలని చెప్పవలసిన ఈ భాగం ఆ పని సరిగా చేయదు. ఆకలిని రేపే గ్రెలిన్ హార్మోన్ కూడా వీరి రక్తంలో ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల చెత్తబుట్టలో పారేసినది ఏరుకుని తినడం, అర్ధరాత్రి లేచి పంచదార డబ్బా ఖాళీ చేయడం, అడిగితే అబద్ధమాడడం వంటివి తిండిపోతుతనం కింద జమకట్టవలసినవి కావు. తిట్టినా కొట్టినా ఆ ఆకలి తగ్గదు.

అయితే తల్లిదండ్రులు ముఖ్యంగా గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. సాధారణంగా రెండేళ్ల ప్రాయంలో, ఆకలి ఇంకా పెరగకముందే, ఎప్పటిలాగే తింటున్న బిడ్డ బరువు పెరగడం మొదలవుతుంది. ఆహారం మీద ధ్యాస ఆ తరువాత రెండు మూడేళ్లకు, తీరని ఆకలి సుమారు ఎనిమిదేళ్లకు కనిపిస్తాయి. వీరి శరీరంలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ; కదలిక కూడా తక్కువే. అందుచేత అదే వయసు పిల్లలకు సరిపోయే అన్నం వీరికి అధికమవుతుంది. పుట్టినప్పటి నుంచి చేతుల్లో వాలిపోతూ, బరువు పెరగక బెంగపెట్టిన బిడ్డ ‘ఇప్పటికి కాస్త ఒళ్లు చేసింది’ అని అమ్మమ్మలు సంతోషించే సమయం సరిగ్గా ఇదే. ఆ సంతోషాన్ని తప్పుపట్టలేము గానీ, పోషకాహార నిపుణుల పర్యవేక్షణ మొదలు కావలసింది కూడా అప్పుడే. బిడ్డ ఎదుగుదల ఆగకుండా కేలరీలను తగ్గించడం సొంతంగా చేయదగిన పని కాదు.

ఆకలి ముదిరాక అసలు చికిత్స వంటింట్లోనే జరుగుతుంది. అల్మారాకు, ఫ్రిజ్‌కు తాళం వేయమని వైద్యులు చెప్పినప్పుడు చాలామందికి మనసొప్పదు. కానీ ఈ పిల్లలను ఆకలితోపాటు ‘దొరుకుతుందేమో’ అన్న ఆశ కూడా స్థిమితంగా ఉండనివ్వదు. ఏ పూట ఎన్ని గంటలకు ఏమి పెడతారో ముందే తెలిసి, మధ్యలో దొరికే అవకాశమే లేదని రూఢి అయినప్పుడు వారిలో ఆందోళన, మొండితనం తగ్గుతాయి. తాళాన్ని శిక్షగా కాక ఊరటగా చూడాలని నా అభిప్రాయం. చిక్కల్లా మన ఇళ్లలో తలుపులు పదిమందికీ తెరిచి ఉండడమే. పక్కింటివారు చేతిలో పెట్టే జంతికలు, గుడిలో ప్రసాదం, బడిలో పుట్టినరోజు చాక్లెట్లు ఆ ఏర్పాటుకు గండి కొడతాయి. కాబట్టి ఇంటివారితోపాటు ఉపాధ్యాయులకూ బంధువులకూ విషయం విడమరచి చెప్పక తప్పదు.

మందుల విషయానికి వస్తే, గ్రోత్ హార్మోన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో ఈ వ్యాధికి ఆమోదించింది. అది ఎత్తును, కండను పెంచి కొవ్వును తగ్గిస్తుంది గానీ ఆకలిని అణచదు. తీరని ఆకలికే ఉద్దేశించిన తొలి మందుగా డయాజాక్సైడ్ కోలిన్‌ను అదే సంస్థ 2025 మార్చిలో, నాలుగేళ్లు, అంతకు పైబడిన వారికి అనుమతించింది. వ్యాధి నిర్ధారణకు రక్తంతో చేసే డీఎన్ఏ మిథైలేషన్ పరీక్ష (జన్యువులను మౌనంగా ఉంచే రసాయన గుర్తులను చూసేది) దాదాపు అన్ని కేసులనూ పట్టుకుంటుంది. భారత ప్రభుత్వ 2021 నాటి అరుదైన వ్యాధుల విధానంలో ఈ వ్యాధి చోటుచేసుకుంది. ఆ విధానం కింద గుర్తించిన కేంద్రాలలో హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి ఉన్నాయి.

బరువు అదుపులో ఉన్నంత మాత్రాన ప్రమాదం తొలగినట్లు కాదు. సన్నబడిన వారు సైతం పెళ్లి భోజనాల వంటి సందర్భాలలో కళ్లుగప్పి ఒక్కసారిగా అతిగా తింటే జీర్ణాశయం ఉబ్బి, చీలిపోయి ప్రాణం మీదికి వచ్చిన ఘటనలు ఉన్నాయి. వీరికి నొప్పి తెలియడం తక్కువ, వాంతులు అరుదు. అందుకే ఈ వ్యాధి ఉన్నవారు ఎన్నడూ లేనిది వాంతి చేసుకున్నా, పొట్ట ఉబ్బినా, అన్నం వద్దన్నా, నొప్పి లేదు కదా అని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.