ఐసు కింద చేపలు: ఎగువ రెడ్ లేక్ గురించి అపోహలు, వాస్తవాలు

నేను అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర భాగంలో చేపల సర్వే పని చేస్తాను. నవంబర్ చివర్లో చలి ముదిరిందంటే మినియాపొలిస్ వైపు నుంచి తెలుగు కుర్రాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, రెడ్ లేక్ మీద ఐసు పట్టిందా? కారు తీసుకుపోవచ్చా? ఎన్ని చేపలు ఉంచుకోనిస్తారు?" గంటల కొద్దీ డ్రైవ్ చేసి వచ్చి, ఐసు మీద గుడిసె అద్దెకు తీసుకుని, రంధ్రంలోకి గాలం వదిలి కూర్చోవడం మనవాళ్లకు కూడా అలవాటైంది. నాకు సంతోషమే. కాకపోతే వాళ్ల మాటల్లో వినబడే కొన్ని నమ్మకాలు మనుషుల ప్రాణాల మీదికి తెస్తాయి, కొన్ని చేపల ప్రాణాల మీదికి. వాటి గురించే ఇది.

అపోహ: ఒడ్డు దగ్గర ఐసు గట్టిగా ఉంటే సరస్సంతా గట్టిగా ఉన్నట్టే.

వాస్తవం: రెడ్ లేక్ సరస్సుకు ఎగువ, దిగువ అని రెండు భాగాలు. మనం వెళ్లే ఎగువ రెడ్ లేక్ చాలా విశాలమైనది, కానీ లోతు తక్కువ. ఎక్కువ భాగంలో 15 అడుగులు కూడా ఉండదు. లోతు లేని నీళ్లు త్వరగా చల్లబడతాయి కాబట్టి రాష్ట్రంలోని పెద్ద సరస్సుల్లో ఐసు ముందుగా పట్టేవాటిలో ఇదొకటి. అందుకే అందరూ ముందు ఇక్కడికే పరుగెత్తుతారు. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. అంత విశాలమైన నీటి మీద కొత్తగా పట్టిన ఐసును గట్టి గాలి ఒడ్డు నుంచి విడదీసి, మొత్తంగా లోపలికి తోసేయగలదు. 2022 నవంబర్ 28న సరిగ్గా ఇదే జరిగింది. సుమారు 200 మంది నిలబడి ఉన్న ఐసు పలక ఒడ్డు నుంచి విడిపోయింది, మధ్యలో నీళ్లు తేలాయి. అందరినీ క్షేమంగా బయటికి తెచ్చారు. 2023 డిసెంబర్ చివర్లో అదే సరస్సు మీద వందమందికి పైగా మళ్లీ అలాగే చిక్కుకున్నారు. ఈ రెండుసార్లూ వాళ్ల కాళ్ల కింద ఉన్న ఐసు మనిషి బరువును మోసింది. తట్టుకోలేకపోయింది గాలిని. కాబట్టి మందం ఒక్కటే అడిగి ఊరుకోకండి. గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో వీస్తుందో కూడా అడగండి.

ఇక మందం విషయానికొస్తే, కొత్తగా పట్టిన, అద్దంలా కనిపించే ఐసు నడవడానికి కనీసం 4 అంగుళాలు ఉండాలి. స్నోమొబైల్‌కు 5 నుంచి 7, చిన్న కారుకు 9 నుంచి 10 అంగుళాలు. పికప్ ట్రక్కుకు, చక్రాల గుడిసెను వెనక తగిలించిన బండికి ఇంకా చాలా ఎక్కువ కావాలి. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిన తెల్ల ఐసుకు బలం సుమారు సగమే, అంటే ఈ లెక్కలన్నీ రెట్టింపు చేసుకోవాలి. చేతిలో గునపం పట్టుకుని అడుగు ముందు పొడుచుకుంటూ వెళ్లండి. ఒక్క పోటుకు దిగబడితే వెనక్కి రండి. నూటయాభై అడుగులకోసారి రంధ్రం వేసి కొలవండి. పగుళ్ల దగ్గర, వాగు కలిసే చోట, ఊటలున్న చోట లెక్క పూర్తిగా మారిపోతుంది.

అపోహ: మంచు బాగా కురిస్తే ఐసు త్వరగా దళసరి అవుతుంది.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. ఐసు మీద పడిన మంచు దుప్పటిలా కప్పేసి చలిని కిందికి పోనివ్వదు, దాంతో ఐసు పెరగడం నెమ్మదిస్తుంది. పైగా ఆ బరువుకు ఐసు కుంగి, పగుళ్లలోంచి నీళ్లు పైకొచ్చి మంచు కింద బురదలా నిలుస్తాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

అపోహ: ఐసు ఉరిమినట్టు చప్పుడు చేస్తే పగిలిపోతున్నట్టే.

వాస్తవం: ఉష్ణోగ్రత మారినప్పుడు ఐసు సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆ చప్పుడు ఎక్కువసార్లు అదే. అయితే చప్పుడు లేదని ధైర్యపడటం కూడా తప్పే. ప్రమాదకరమైన పలుచని ఐసు ఒక్కోసారి ఏ శబ్దమూ లేకుండా దిగబడుతుంది.

గుడిసె గురించి ఒక మాట ఇక్కడే చెప్తాను. లోపల గ్యాస్ హీటర్ వెలిగించి, చలికి భయపడి గాలి రంధ్రాలు మూసేసి పడుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బ్యాటరీతో పనిచేసే అలారం ఒకటి తప్పకుండా పెట్టుకోండి.

అపోహ: చలికాలంలో చేపలు మగతగా పడి ఉంటాయి, అప్పుడు పడితే సరస్సుకు పెద్ద తేడా ఉండదు.

వాస్తవం: నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అందుకే ఐసుకు ఆనుకున్న నీళ్లు సున్నాకు దగ్గరగా, కింది నీళ్లు కాస్త వెచ్చగా ఉంటాయి. చేపల ఒంట్లో వేగం తగ్గుతుంది నిజమే, కానీ ఇక్కడ అందరూ గాలం వేసే వాలై (walleye) అనే చేప చలికాలమంతా తింటూనే ఉంటుంది, సాయంత్రం వెలుగు తగ్గే వేళకు ఇంకా చురుగ్గా తిరుగుతుంది. గాలానికి పడుతోంది కూడా అందుకే.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. వాలై గుడ్లు పెట్టేది వసంతంలో, ఐసు కరిగిన వెంటనే. అంటే జనవరిలో మీ గాలానికి పడిన పెద్ద ఆడ చేప కడుపులో ఆ గుడ్లు అప్పటికే చాలావరకు తయారై ఉంటాయి. ఎగువ రెడ్ లేక్‌లో ఏడాది మొత్తం వేటలో చలికాలం వాటా చాలా పెద్దది కూడా. ఈ కారణాల వల్ల మా లెక్కల్లో చలికాలానికి వేసవికంటే తక్కువ బరువు ఉండదు. ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్ర వేట నిషేధం ఎందుకో తెలిసినవారికి, ఇక్కడ వాలై వేటను ఫిబ్రవరి చివర్లో ఆపేసి మే నెల మధ్యలో మళ్లీ ఎందుకు తెరుస్తారో వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: వదిలేశాం కదా, బతికేస్తుంది.

వాస్తవం: వదిలిన ప్రతి చేపా బతకదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మేవాళ్లు మంచి మనసుతోనే వదులుతారు.

చల్లని నీళ్లలో పట్టిన చేప జులైలో పట్టినదానికంటే బాగా కోలుకుంటుంది, అది నిజం. కానీ ఐసు మీద దానికి వేరే గండాలున్నాయి. మైనస్ 20 డిగ్రీల గాలిలో తడి మొప్పలు, కళ్లు క్షణాల్లో గడ్డకట్టడం మొదలవుతుంది. ఫోటో కోసం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారే చేప, వదిలినప్పుడు తోక ఆడిస్తూ కిందికి వెళ్లినంత మాత్రాన బాగున్నట్టు కాదు. పొడి గుడ్డతోనో ఉన్ని గ్లవ్‌తోనో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. మంచులో పడేస్తే అదీ అంతే. వదలదలచుకుంటే రంధ్రం దగ్గరే, చేయి తడుపుకుని, వీలైతే నీళ్లలో ఉండగానే గాలపు ముల్లు తీయండి. ఎర లోతుగా మింగేసి ఉంటే ముల్లు పీకకండి, దారం దగ్గరగా కత్తిరించి వదలండి.

లోతుగా మింగేది ఎక్కువగా ఎప్పుడంటే, గాలం వేసి పట్టించుకోకుండా వదిలేసినప్పుడు. ఇక్కడ ఐసు మీద మనిషికి రెండు గాలాలు వేసుకోవచ్చు. ఒకటి చేతిలో ఉంటుంది, రెండోది బతికున్న చిన్న చేపను ఎరగా పెట్టుకుని ఓ మూల ఉంటుంది. పేకాటలో పడి ఆ రెండోదాన్ని మరిచిపోతే, చూసేసరికి ముల్లు కడుపులో ఉంటుంది. కళ్లు రెండోదాని మీద పెట్టలేనివాళ్లు ఒక్కటే వేసుకోవడం మంచిది.

లోతు సంగతి వేరు. 30 అడుగులకు మించిన లోతు నుంచి వాలైని గబగబా లాగితే ఒత్తిడి తగ్గి దాని పొట్టలోని గాలితిత్తి ఉబ్బిపోతుంది. ఆ గాలిని నోటి గుండా వదిలే మార్గం వాలైకి లేదు. ఎగువ రెడ్ లేక్‌లో అంత లోతే లేదు కాబట్టి ఇక్కడ ఈ బెడద లేదు. కానీ ఇక్కడి అలవాటుతో మరో లోతైన సరస్సుకు వెళ్లి పట్టి వదులుతూ కూర్చుంటే, ఆ చేపల్లో చాలావాటిని చంపుతున్నట్టే. అలాంటిచోట అనుమతించినన్ని పట్టుకుని వేట ఆపేయాలి.

అపోహ: చేపలు తగ్గితే ప్రభుత్వం పిల్లల్ని వదులుతుంది, సరిపోతుంది.

వాస్తవం: రెడ్ లేక్ కథ తెలిసినవాళ్లెవరూ ఈ మాట అనరు. ఎగువ, దిగువ భాగాలు కలిపి ఈ సరస్సు 2.8 లక్షల ఎకరాలకు పైనే. దిగువ సరస్సు మొత్తం, ఎగువ సరస్సులో సగానికి పైగా, రెడ్ లేక్ ఓజిబ్వే అనే ఆదివాసీ జాతివాళ్లది. తూర్పు వైపు సుమారు 48,000 ఎకరాలు మాత్రమే రాష్ట్రం కింద ఉన్నాయి. మనం గాలం వేసేది ఆ ముక్కలోనే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, ఆహారం కోసం ఇక్కడ వలలతో వ్యాపార వేట మొదలైంది. దశాబ్దాలు గడిచాక 1990ల మధ్యకు వచ్చేసరికి వాలై దాదాపు లేకుండా పోయింది. వలలు పట్టినవాళ్లు, గాలాలు వేసినవాళ్లు, దొంగతనంగా అమ్మినవాళ్లు, అందరి చేతులూ అందులో ఉన్నాయి. "అంతా ఆ జాతివాళ్ల వలల వల్లే" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అది న్యాయం కాదు. 1997లో తమ బతుకుతెరువైన వ్యాపార వేటను ముందుగా ఆపుకున్నది ఆ మత్స్యకారులే. 1999లో రాష్ట్రంతో ఒప్పందం కుదిరి, సరస్సు మొత్తంలో వాలై వేట ఆగింది.

ఆ తర్వాతే 1999, 2001, 2003లలో కోట్ల సంఖ్యలో వాలై పిల్లల్ని వదిలారు. వదిలే ముందు వాటికి ఆక్సీటెట్రాసైక్లిన్ మందు పట్టించారు. అది చేప చెవిరాయిలో, అంటే తల లోపల చెవిలో ఉండే చిన్న రాయిలాంటి ఎముకలో, గుర్తుగా మిగిలిపోతుంది, అతినీలలోహిత కాంతి కింద సూక్ష్మదర్శినిలో చూస్తే పసుపుగా మెరుస్తుంది. వలలో పడిన చేప వదిలినదా, సరస్సులోనే పుట్టినదా అని దాంతో తెలుస్తుంది. చెవిరాయిలోని వలయాలు లెక్కపెట్టి వయసు చెప్తాం. 2006 మే నెలలో వేట మళ్లీ తెరిచారు. అప్పటి నుంచి సరస్సు తన పిల్లల్ని తానే పుట్టించుకుంటోంది.

పిల్లల్ని వదలడం పనిచేసింది నిజమే. కానీ పనిచేసింది వేట పూర్తిగా ఆపి, అవి పెరిగి ఈడుకు వచ్చేదాకా ఆగినందువల్ల. ఈ ఉత్తరపు నీళ్లలో ఆడ వాలై ఈడుకు రావడానికి నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది. వాలై లేని ఆ సందులో 1995లో పుట్టిన క్రాపీ అనే మరో రకం చేపలు విపరీతంగా పెరిగి, వాటికోసం జనం ఎగబడ్డారు. వాలై తిరిగొచ్చాక ఆ క్రాపీల ఊపు తగ్గింది. ఒక చేపను తీసేస్తే సరస్సు ఖాళీగా ఉండదు, ఇంకేదో ఆ చోటు ఆక్రమిస్తుంది. ఆ మార్పు మనకు అనుకూలంగా ఉంటుందన్న హామీ మాత్రం ఎక్కడా లేదు.

అపోహ: ఒక్క పెద్ద చేపే కదా, తీసుకెళ్తే ఏమవుతుంది?

వాస్తవం: ఇటీవలి సీజన్లలో ఇక్కడ ఉంచుకునే చేపల్లో 17 అంగుళాలకు మించినది ఒక్కటే ఉండాలని నియమం. ఆ పరిమాణం దాటిన వాటిలో గుడ్లు పెట్టే ఆడవి ఎక్కువ. చేప పెద్దదైనకొద్దీ గుడ్లు కూడా పెరుగుతాయి. పులుసుకైనా వేపుడుకైనా 14, 15 అంగుళాల చేప రుచి మేలు, ముళ్లు తీయడం కూడా తేలిక. ఇంకో తప్పు కూడా చూస్తుంటాను. బకెట్‌లో వేసుకున్న చేపను, తర్వాత పెద్దది పడిందని మళ్లీ రంధ్రంలోకి జార్చేస్తారు. గంటసేపు బకెట్‌లో బిగుసుకున్నది ఇక బతకదు. వేసుకున్నది మీ లెక్కలోదే.

ఈ సంఖ్యలు ఏటా మారతాయి. శరదృతువులో మేం వేసే సర్వే వలల్లో పడినవి, గత సీజన్లో గాలం వేసినవాళ్లను అడిగి రాసుకున్నవి కలిపి చూసి నిర్ణయిస్తారు. సర్వేవాళ్లు వచ్చి మీ బకెట్ చూస్తామంటే టెన్షన్ పడకండి, కేసు రాయడానికి కాదు. పొడవు, సంఖ్య ఉన్నదున్నట్టు చెప్పండి. దాచినా, పెంచి చెప్పినా వచ్చే ఏడాది లెక్క తప్పుతుంది. పోయినేడాది స్నేహితుడు చెప్పిన అంకెను నమ్ముకోకుండా బయల్దేరే ముందు ఆ ఏటి నియమాలు చదువుకోండి.

అపోహ: ఐసు మీద వదిలిన చెత్త వసంతంలో కొట్టుకుపోతుంది.

వాస్తవం: ఎక్కడికీ పోదు, ఐసు కరగగానే నేరుగా చేపలు గుడ్లు పెట్టే నీళ్లలోకే దిగుతుంది. మలమూత్రాలతో సహా. 2023 నుంచి మిన్నెసోటాలో ఐసు మీద చెత్త వదలడం ప్రత్యేకంగా చట్టవిరుద్ధం. సంచులు, సీసాలు, సిగరెట్ పీకలు, పోర్టబుల్ టాయిలెట్ సంచీ, గుడిసె కింద పెట్టిన చెక్క ముక్కలు, అన్నీ వెనక్కి తెచ్చుకోవాలి. సీసపు గుండ్లు మానేసి టంగ్‌స్టన్‌వో తగరానివో కొనుక్కోండి. తెగి అడుగున పడిన సీసపు గుండును గులకరాయి అనుకుని లూన్ అనే నీటి పక్షులు మింగి, విషమెక్కి చచ్చిపోతాయి. ఒక డబ్బా గుండ్లకు ఖర్చు కొద్దిగా పెరుగుతుంది, అంతే.