ఎంపీత్రీ చేయించాక క్యాసెట్లు పారేయొచ్చా? పాత కచేరీ రికార్డింగుల అపోహలు, వాస్తవాలు

"మొత్తం ఎంపీత్రీ చేయించేశామండీ, ఇక ఈ క్యాసెట్లు పాత సామాన్లవాడికి వేసేయొచ్చు కదా?" పాత కర్ణాటక సంగీతం రికార్డులు, కచేరీ టేపులు డిజిటల్‌లోకి ఎక్కించే పనిలో ఈ ప్రశ్న వినని నెల లేదు. వేయకండి. దండం పెడతాను.

అపోహ: ఒకసారి డిజిటల్ అయితే అసలుతో పని లేదు.

వాస్తవం: ఆ రోజు, ఆ డెక్ మీద మీ టేపు ఎలా పలికిందో అంతే ఫైల్లో ఉంటుంది. క్యాసెట్ డెక్‌లో టేపును చదివే హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్ వెంట్రుకవాసి ఒరిగినా గాయకుడు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంటుంది. వింటూ ఆ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పితే ఒకచోట తంబురా, మృదంగం చాపు తేటగా బయటపడతాయి. టేపు టేపుకూ ఇది చేయాలి. హడావుడిగా ఎక్కించేవాళ్లకు అంత ఓపికెక్కడిది?

78 రికార్డులదీ ఇదే కథ. పేరుకే నిమిషానికి 78 చుట్లు, తొలిరోజుల్లో వేగం 70 పైచిలుకు నుంచి 80 దాటేదాకా ఉండేది. 74లో రికార్డు చేసినదాన్ని 78లో తిప్పితే ఇంచుమించు అర శ్రుతి పెరుగుతుంది. ఐదు శ్రుతిలో పాడినావిడ ఐదున్నరలో వినిపిస్తుంది, కాలమూ పరిగెడుతుంది. అది విని "ఆ రోజుల్లో ఎంత పై శ్రుతో!" అని వాట్సాప్‌లో వ్యాసాలు. ముందు అదే విద్వాంసురాలి వేరే రికార్డులు శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని వినండి బాబూ.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నదే. మొదట్లో మా మేనమామ గుడి కచేరీలో రికార్డు చేసుకున్న మూడు క్యాసెట్లు బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీత్రీగా ఎక్కించి, "ఇక వీటితో పన్లేదు మామయ్యా" అన్నాను. రెండేళ్లకు స్క్రూ సంగతి తెలిసి పరుగెత్తితే, ఇల్లు మారినప్పుడు పారేశామన్నారు. ఇప్పుడా ఫైల్లో కాంభోజి ఆలాపన గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంటుంది. మధ్యలో మామయ్య "శభాష్" మాత్రం స్పష్టంగా ఉంది.

కాబట్టి అసలు దాచండి. కుదించని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫైలు అడిగి తీసుకోండి. స్టీరియోలో గంటకు 2 జీబీ, ఈ రోజుల్లో అదేమంత? సుయ్‌మనే రొద తీయించాలంటే వేరే కాపీలో తీయించండి. అతిగా తీస్తే తంబురా కూడా దాంతోనే పోతుంది.

మిగతావి గబగబా. 78 రికార్డును స్పిరిట్‌తో తుడవకూడదు. అది లక్క, కరుగుతుంది. ఎల్పీ సూది దానికి పనికిరాదు, గాడి వెడల్పు వేరు. పాతదల్లా విలువైనది కాదు. రెండు కాపీలు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమం చేయండి, లేకపోతే గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

"నాన్నగారి టేపులు నలభై ఏళ్లవి, చెరిగిపోయుంటాయా?" అని బెంగగా అడిగేవాళ్లూ ఉన్నారు. టెన్షన్ పడకండి, అయస్కాంతం దగ్గరికి పోని టేపు ఊరికే చెరిగిపోదు. బూజు కనబడితే మాత్రం ఆత్రంగా ప్లేయర్‌లో పెట్టకండి. అది హెడ్‌కు అంటి తర్వాతి టేపుకూ పాకుతుంది. విడిగా పొడి చోట ఉంచి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు చూపించండి.