అపోహలు – వాస్తవాలు: వెర్మీర్ చిత్రంలోని పండితుడు ఎవరు?

చిత్రకళా చరిత్ర బోధించే నన్ను ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ష్టేడెల్ మ్యూజియంలో ఉన్న, డచ్చి చిత్రకారుడు వెర్మీర్ గీసిన ‘భూగోళవేత్త’ (1669) చిత్రంలో, చేత విభాగిని (దూరాలు కొలిచే రెండు కాళ్ల పరికరం) పట్టుకొని కిటికీవైపు చూసే పండితుడు సూక్ష్మజీవుల పరిశోధకుడు లీవెన్‌హుక్ కదా అని.

ఈ పుకారుకు పునాదులు గట్టివిగానే కనిపిస్తాయి. వెర్మీర్, లీవెన్‌హుక్ ఇద్దరూ 1632లో డచ్చి నగరం డెల్ఫ్ట్‌లోనే పుట్టారు. లీవెన్‌హుక్ 1669లోనే భూమి కొలతల పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. వెర్మీర్ మరణానంతరం 1676లో అతని ఆస్తి వ్యవహారాలను చక్కదిద్దే బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. మూడూ నిజాలే. అయితే ఆ బాధ్యత నగర పాలకులు అప్పగించిన పని కనుక స్నేహానికి కూడా రుజువు కాదు. ఇక ఆయన ఈ చిత్రం కోసం కూర్చున్నాడనడానికి ఆధారం అసలే లేదు. 1680లలో చిత్రకారుడు వెర్కోలియే గీసిన లీవెన్‌హుక్ రూపచిత్రంలోని వెడల్పాటి ముఖానికీ ఈ ముఖానికీ పోలిక నాకైతే కనబడదు. 1713లో రోటర్‌డామ్ వేలం పట్టికలో సైతం గణితజ్ఞుడన్న అర్థం వచ్చే మాటే తప్ప ఏ వ్యక్తి పేరూ లేదు.

ఆ కాలపు డచ్చి చిత్రాల్లో పండితుడు తరచుగా ఒక పాత్ర మాత్రమే. ముఖాన్నీ భావాన్నీ చూపడానికి గీసి, ఎవరి పేరూ తగిలించకుండా అమ్మిన చిత్రాలను ‘ట్రోనీ’లు అనేవారు. రూపచిత్రమని నిర్ధారించాలంటే వంశచిహ్నమో, వయస్సూ సంవత్సరమూ తెలిపే రాతో, ఆ చిత్రం ఆధారంగా పేరుతో అచ్చయిన చెక్కుడు చిత్రమో కావాలి. చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ గీసిన తత్త్వవేత్త డెకార్త్‌ను గుర్తించడానికి సౌడర్‌హూఫ్ చెక్కిన ప్రతి అలాంటి ఆధారమే. ఒక పరిశోధక విద్యార్థిని లీవెన్‌హుక్ ఊహ మీదనే అధ్యాయమంతా రాసుకొని, చివరి నెలలో నా దగ్గరికి కన్నీళ్లతో వచ్చింది. తప్పు ఆమెది కాదు. ఊహను వాస్తవంగా అచ్చువేసిన వారిది. వ్యక్తి పేరు తీసివేసి వస్తువుల గురించి రాయమన్నాను, అధ్యాయం నిలబడింది.

మిగిలిన అపోహలు చిన్నవి. ఆ కాలపు చిత్రాల్లోని నల్లని దుస్తులు పేదరికానికో సంతాపానికో గుర్తు కావు. మంచి నలుపు రంగు అద్దకం ఖరీదైనది. చిత్రమంతా మసకగా ఉంటే అది చిత్రకారుడి విషాదం కానక్కరలేదు, కాలక్రమాన పచ్చబడిన వార్నిష్ కావచ్చు.

ప్రతి వస్తువూ రహస్య సంకేతమే అన్న మాట కూడా నిలవదు. మన భూగోళవేత్త తొడుక్కున్న జపాన్ తరహా వదులు అంగీ నాటి సంపన్నులు ఇంట్లో వేసుకొనేది. బీరువాపై ఉన్నది హోండియస్ తయారుచేసిన నిజమైన గోళం. అందులో మన వైపు తిప్పి ఉన్నది హిందూ మహాసముద్రం. ఆ నీటి అంచునే ఉన్న బందరులో డచ్చివారి వర్తక స్థావరం అప్పటికి అరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. అక్కడి వలందపాలెం పేరు వారి నుంచి వచ్చినదే.